పర్లాకిమిడి వైపు కంప్యూటర్, యాప్, వార్త: ఏది తీసుకోవాలి, ఏది వదలాలి

కంప్యూటర్ కొనాలన్నా, ఫోన్‌లో కొత్త యాప్ వేసుకోవాలన్నా మా వైపు జనం ముందు అడిగేది ధర. తర్వాత, కంపెనీ మంచిదేనా అని. ఈమధ్య మూడో ప్రశ్న కూడా చేరింది: ఇది మనదేనా, అమెరికావాళ్లదా? మూడూ అడగాల్సినవే. అయితే సలహాకి వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది వేరు. రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే మీ కాగితాలు, ఫొటోలు, లెక్కలు మీతో వస్తాయా, దానితోనే పోతాయా?

సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది ఊరికే వచ్చే అనుమానం కాదు. పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం, ఒడిశా. కాస్త ముందుకెళ్తే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు గీత మా చుట్టరికాల మధ్యగా పడింది. ఇల్లు ఇటు, అమ్మమ్మ ఇచ్చిన పొలం అటు. ఇటు పట్టా ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో ఒడియాలో ఉంటుంది, అటు అడంగల్ ఆంధ్రా సైటు మీభూమిలో తెలుగులో ఉంటుంది. పిల్లల చదువు విశాఖలో, ఉద్యోగం దరఖాస్తు భువనేశ్వర్‌కి. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం తెలుగువాళ్ల సంగతీ ఇంచుమించు ఇంతే. మన ఫైళ్లు రోజూ గీత దాటుతుంటాయి. దాటలేని వస్తువు ఎంత మంచిదైనా మనకి పనికిరాదు.

ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా

చదువుకునే పిల్లలకైతే ల్యాప్‌టాప్, ఇందులో పెద్దగా ఆలోచించేదేమీ లేదు. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, డీటీపీ పని చేసే కొట్లకి మాత్రం నేను ఇప్పటికీ డెస్క్‌టాపే చెప్తాను. కీబోర్డు పోతే కొన్ని వందల్లో కొత్తది వస్తుంది. మానిటర్ పోతే మానిటర్ ఒక్కటే మార్చుకోవచ్చు. లోపల కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్ఎంపీఎస్, కాలిపోతే ఊళ్లోనే మారుస్తారు. ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు పోయిందంటే బరంపురమో విశాఖో బస్సెక్కాలి, రెండు మూడు వారాలు కొట్టు పని ఆగిపోతుంది.

డెస్క్‌టాప్‌కి యూపీఎస్ తప్పదు. చిన్న 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది ఫైలు సేవ్ చేసుకుని మిషను ఆపుకునేంత టైము మాత్రమే. దాని మీద గంటసేపు పని చేద్దామనుకోకండి. లేజర్ ప్రింటర్‌ని దానికి అసలే తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, కొట్టూ ఇంట్లోనే అయితే ఈ బాధ కొంత తగ్గుతుంది. తుపాను వస్తే ఏదీ ఆదుకోదనుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా జిల్లాలో కరెంటు రోజుల తరబడి లేదు. ఆ వారం ఫోన్ చార్జింగ్ దొరకడమే గొప్ప.

"ధరలు తగ్గాక కొందాంలే" అని ఆగినవాళ్లకి 2025 చివర్లో చేదు అనుభవమే మిగిలింది. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీ వైపు చిప్ కంపెనీలు మళ్లడంతో మామూలు ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పెరిగాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ మనలాంటివాళ్లకి విడిగా అమ్మే క్రూషల్ ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం మానేస్తున్నానని ప్రకటించింది. కాబట్టి కొనేటప్పుడు ఒక్క విషయం పట్టుబట్టి అడగండి: ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందా, బోర్డుకే అతికించేశారా? స్లాట్ ఉంటే 8 జీబీతో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు. అతికించిన మోడల్ అయితే మొదటే 16 తీసుకోండి, లేదా ఆ మోడల్ వదిలేయండి. సన్నగా, తేలిగ్గా ఉందని మురిసిపోయే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ జబ్బుంది.

జీఎస్టీ తగ్గింది కదా, ల్యాప్‌టాప్ తగ్గించవా అని కొట్లో గొడవపడేవాళ్లని చూస్తుంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలు, ఏసీలు, మానిటర్ల మీద 28 శాతం 18కి దిగింది. ల్యాప్‌టాప్‌లు ముందు నుంచీ 18లోనే ఉన్నాయి, అక్కడే ఉన్నాయి. పాపం కొట్టువాడి తప్పేం లేదు.

ఇక "మేడిన్ ఇండియా" స్టిక్కర్. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్ దిగుమతులకి లైసెన్సు కావాలంది. గోల మొదలయ్యేసరికి గడువు జరిపి, నవంబరు 1 నుంచి ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి పెట్టింది. ఇక్కడ బిగించే కంపెనీలు పెరగడం మంచిదే, నాకు సంతోషమే. లోపలి ప్రాసెసర్, మెమరీ మాత్రం ఎక్కువగా ఇంకా బయటివే. స్టిక్కర్ చూసి కొనకండి, వారంటీ చూసి కొనండి. అందులోనూ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి, ఇంటికొచ్చి బాగుచేసే సర్వీసు ఉందో లేదో చూసుకోండి. మాది 761200. ఒక పేరున్న కంపెనీ ప్రకటనలో "దేశమంతటా ఆన్‌సైట్ సర్వీసు" అని వేసి, మా పిన్‌కోడ్ దగ్గరికొచ్చేసరికి మిషను మీరే తీసుకురండి అంది. ఇలాంటిది కొనేముందే తేలాలి. విశాఖలో రెండు వేలు తక్కువకొస్తోందని అక్కడ కొనేవాళ్లు ఆ రెండు వేలకి ఎన్ని బస్సు టిక్కెట్లు వస్తాయో కూడా లెక్కేసుకోవాలి.

ప్రింటర్ గురించి రెండే మాటలు. నెలకి పది కాగితాలు తీసే ఇంటికి లేజర్ మేలు, నెలల తరబడి వాడకపోయినా ఎండిపోదు. రోజూ రంగుల్లో తీసే కొట్టుకి ఇంక్ ట్యాంక్.

విండోస్ 10 మిషను ఏం చేయాలి

ఇప్పుడు అందరూ అడిగేది ఇదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి ఒకటి ఉంచింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 11కి మారాలంటే మిషన్లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 8వ తరం, ఆ పైవే పనికొస్తాయి. 2016, 17లో కొన్నవాటిలో చాలావరకు బయటే మిగిలిపోయాయి.

అలాంటి మిషను మీ దగ్గరుంటే, పని బట్టి చెప్తాను.

మో సేవా కేంద్రం లాంటి ప్రభుత్వ సేవల కొట్లు నడుపుతున్నవాళ్లు విండోస్ 11 పట్టే మిషను కొనుక్కోవాల్సిందే. వేలిముద్ర మిషన్లకి కావాల్సిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే తయారవుతుంది. పైగా మీ దగ్గరికొచ్చేవి మీ కాగితాలు కావు, ఊరందరి ఆధార్ కాగితాలు. అప్‌డేట్లు రాని మిషన్లో వాటిని పెట్టుకోవడం తప్పు. క్రాక్ విండోస్ వేసుకుని ఇదే పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర మా ఇంటి కాగితాలు స్కాన్ చేయించను.

ఇంట్లో బ్రౌజింగ్, పిల్లల చదువు, ఉత్తరాలు, యూట్యూబ్ వరకే అయితే పాత మిషనుకి ఒక ఎస్ఎస్‌డీ వేసి, విండోస్‌కి బదులు లినక్స్ మింట్ పెట్టండి. 22 వరుస మింట్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, డబ్బు కట్టేదేం లేదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయడం ఒక్కటే చాలు, తెరవడానికి టీ తాగొచ్చేంత సేపు పట్టే మిషను చప్పున లేస్తుంది. ముందు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఏదీ చెరపకుండా నడిపి చూడండి. వైఫై, సౌండు, ప్రింటర్ పనిచేస్తేనే ఎక్కించండి. ట్యాలీ వాడేవాళ్లు, కోరల్ డ్రా వాడేవాళ్లు ఇటు రాకండి, తిట్టుకుంటారు.

ఇవేవీ కాకుండా, పట్టని మిషన్లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పనిచేస్తుంది కూడా. కానీ తర్వాతి అప్‌డేట్ వస్తుందో రాదో మైక్రోసాఫ్ట్ పూచీ పడదు. ఆట ఆడుకునే మిషనుకైతే మీ ఇష్టం.

టైపింగ్: ఇక్కడే సరిహద్దు అసలు కనిపిస్తుంది

బయట రాసిన సలహాల్లో ఈ సంగతి కనిపించదు, ఎందుకంటే రెండు లిపులతో బతకాల్సిన అవసరం వాళ్లకి లేదు. మన దగ్గర శుభలేఖ ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. కొట్టు బోర్డు రెండు భాషల్లో. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి.

ఉన్నవి మూడు దారులు.

మొదటిది అను ఫాంట్లు. డీటీపీ పనివాళ్లకి చేయి అలవాటు, అక్షరాల అందం, ప్రెస్సులో అడిగేదీ ఇవే. ఒడియా వైపు ఇదే పని ఆకృతి ఫాంట్లు చేస్తాయి. వీటితో ఉన్న చిక్కు ఒక్కటే, పెద్దది. ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు, ఆ ఫాంటు తగిలిస్తే తెలుగులా కనిపించే వేరే అక్షరాలు. ఫాంటు లేని మిషన్లో తెరిస్తే గజిబిజి. వెతికితే దొరకదు, వాట్సాప్‌లో పంపితే చదవలేరు, గూగుల్‌కి అర్థం కాదు. ఏ మిషనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి యూనికోడ్. దానిలోకి మార్చే సాధనాలున్నాయి గానీ వత్తులు, గుణింతాలు అక్కడక్కడ చెడతాయి, ప్రతి లైనూ మళ్లీ చదవాలి. పాత పేజ్‌మేకర్‌కి యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, దాన్ని వదలనివాళ్లు ఈ ఫాంట్లనీ వదల్లేరు. శుభలేఖ వరకు సరే, పెళ్లయ్యాక ఆ ఫైలుతో పని లేదు. సంఘం నిబంధనలు, గుడి లెక్కలు, కుటుంబ చరిత్ర, కథలు, పద్యాలు మాత్రం అనులో రాసుకోకండి. పదేళ్ల తర్వాత తెరవాలన్నప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ నడిచే మిషను కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండోది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి. ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో లేఖిని లాంటివి. నేర్చుకోవడానికి ఏమీ లేదు, వెంటనే మొదలుపెట్టొచ్చు, వచ్చేది యూనికోడే కాబట్టి ఎక్కడికైనా పోతుంది. అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాసేవాళ్లకి ఇంతకంటే అక్కర్లేదు. పెద్దవాళ్లకైతే ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించడం ఇంకా తేలిక. మా వైపు "ఏటి, ఎలగున్నావు" అంటే మాత్రం అది తడబడుతుంది.

మూడోది ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఖాయం చేసిన కీబోర్డు. దీన్ని సరిహద్దు పిల్లలందరికీ నేర్పించాలన్నది నా గట్టి అభిప్రాయం. కారణం చెప్తాను. భారతీయ లిపులన్నిటికీ అక్షరాల చోటు ఒకటే. తెలుగులో "కమల" కొట్టాలంటే కె, సి, ఎన్ మీటలు నొక్కాలి. కీబోర్డు ఒడియాకి మార్చి అవే మూడు మీటలు నొక్కితే ఒడియాలో అవే మూడు అక్షరాలు వస్తాయి. హిందీకి మార్చినా అంతే. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి వైపు. డి నొక్కితే పొల్లు. ఒక్కసారి వేళ్లకి అలవాటైతే మూడు లిపులూ వచ్చేసినట్టే. దీని కోసం ఏమీ కొనక్కర్లేదు, విండోస్‌లోనూ మింట్‌లోనూ భాషల సెట్టింగ్స్‌లో ముందే ఉంటుంది. మొదటి నెల మాత్రం విసుగొస్తుంది, దాన్ని దాచను. రోజూ ఒక అరగంట చొప్పున కొడితే రెండో నెలలో మీటలు చూడకుండా రాయగలరు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్న మాట పాతబడింది. మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్, పొన్నాల లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి, ఫ్లెక్సీలకి కూడా సరిపోతాయి. విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంటులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, కాబట్టి రెండు భాషల దరఖాస్తుకి ఒకటే చాలు. చూడ్డానికి అంత బాగోదు, ఆఫీసు కాగితానికి అదే మర్యాద అనుకోవాలి.

ఉత్తరాలు, లెక్కలు: డబ్బు కట్టాలా వద్దా

మైక్రోసాఫ్ట్ 365కి ఏటా కట్టాలి. ఆఫీసులో ఎక్సెల్ మీద బతికేవాళ్లు కట్టండి, దానికి సాటి వచ్చేది నాకింకా కనపడలేదు. మిగతావాళ్లకి లిబ్రేఆఫీస్ చాలు. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి చీలి వచ్చింది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, వర్డ్ ఫైళ్లుగా సేవ్ చేస్తుంది. గళ్లు, ఫొటోలు ఎక్కువున్న దరఖాస్తు ఫారాలు మాత్రం కాస్త అటూ ఇటూ జరుగుతాయి. పంపేముందు పీడీఎఫ్ చేసుకుంటే ఆ గొడవ ఉండదు. గూగుల్ డాక్స్ నలుగురు కలిసి రాయడానికి బాగుంటుంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మాత్రం జీమెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపి. మనవడి వీడియోలతో అది నిండిపోతే మెయిల్ రావడం కూడా ఆగిపోతుంది, జాగ్రత్త.

మనదా, బయటిదా

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచిన తర్వాత స్వదేశీ మాట మళ్లీ గట్టిగా వినిపించింది. సెప్టెంబరులో, ఒడిశా నుంచి రాజ్యసభకి వెళ్లిన ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను మన దేశపు కంపెనీ జోహో సాఫ్ట్‌వేర్‌కి మారుతున్నానన్నారు. అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులని జోహో ఆఫీస్ వాడమంది. దాని మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ సంబల్‌పుర్ ఎంపీ. అదే నెల 8న అమిత్ షా తన మెయిల్ జోహోకి మార్చానని ప్రకటించారు. ఇక చూడండి, బీజేపీ అభిమానులంతా వాట్సాప్‌కి పోటీగా జోహో తెచ్చిన అరట్టై వేసుకున్నారు, బీజేపీ అంటే పడనివాళ్లంతా దాన్ని వెక్కిరించారు. ఇద్దరూ తెరిచి వాడి చూసింది తక్కువ.

నా అభిప్రాయం అడిగితే, జోహో సరుకు మంచిదే. 1996 నుంచి నడుస్తున్న కంపెనీ, చెన్నైది, మంత్రులు పొగడకముందు కూడా ఇలాగే పనిచేసేది. జోహో రైటర్‌లో రాసినదాన్ని వర్డ్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో దించుకోవచ్చు. నా ప్రశ్నకి అది పాసైంది. అందుకే చిన్న వ్యాపారులకి చెప్తున్నాను, మంత్రి చెప్పారని కాదు. అరట్టై సంగతి వేరు. జనం ఎగబడిన రోజుల్లో దాని మెసేజీలకి వాట్సాప్‌లో ఉన్నట్టు, పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని తాళం లేదు, ఆ ఏర్పాటు తర్వాత మొదలుపెట్టారు. పైగా మన పెద్దమ్మ, మన ఎరువుల కొట్టువాడు, పాతపట్నం కరణం గారి అబ్బాయి అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. ప్రభుత్వాలూ అంతే. కేంద్రంలో బీజేపీతో కలిసి ఉన్న చంద్రబాబు ప్రభుత్వమే 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలని వాట్సాప్‌లో పెట్టింది. స్వదేశీ నినాదం ఒకటి, అవసరం ఇంకొకటి అని ఎన్డీఏ వాళ్లకే తెలుసు, మనం ఎందుకు తన్నుకోవాలి?

అలాగని విదేశీ కంపెనీని కళ్లు మూసుకుని నమ్మమని కాదు. 2025 జూలైలో యూరప్ ఆంక్షల పేరుతో మైక్రోసాఫ్ట్ నయారా ఎనర్జీకి మెయిల్, టీమ్స్ సేవలు ఆపేసింది. నయారా అంటే ఇక్కడ పెట్రోలు బంకులు నడిపే కంపెనీ, డబ్బు సరిగ్గా కట్టిన ఖాతాదారు. ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక సేవలు తిరిగొచ్చాయి. అంత పెద్ద కంపెనీకి కోర్టుంది, మన కొట్టుకి ఏముంది? స్వదేశీదైతే నిలబడుతుందన్న భరోసా కూడా లేదు. హైక్ మెసెంజర్ 2021లో మూతపడింది, ట్విటర్‌కి పోటీ అన్న కూ 2024లో మూతపడింది. కేంద్రం ఆపేస్తే ఎలా ఉంటుందో టిక్‌టాక్ చూపించింది. 2020 జూన్ 29న ఆపేసిన 59 చైనా యాప్‌లలో అదీ ఒకటి. మా వైపు కుర్రాళ్లు ఎంతోమంది డాన్సులు, నాటకం ముక్కలు అందులోనే పెట్టుకున్నారు, వేరే కాపీ లేదు.

ఇందుకే ఎవరిదన్నదాని కంటే బయటికి తెచ్చుకోగలమా అన్నది నాకు ముఖ్యం. గూగుల్‌లో ఉన్నదంతా టేక్‌అవుట్ అనే చోటు నుంచి దించుకోవచ్చు. వాట్సాప్‌లో ముఖ్యమైన మాటలని ఒక్కో చాట్ చొప్పున ఎగుమతి చేసుకోవచ్చు. ఏడాదికోసారి, సంక్రాంతి సెలవుల్లో, ఈ పని చేసి ఒక బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి.

ప్రభుత్వం మీద కూడా ఒక మాట. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలంది. గొడవయ్యాక డిసెంబరు 3న ఆ ఆదేశం వెనక్కి తీసుకుంది. ఆ యాప్ పనికొచ్చేదే, పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయించడానికి నేనే చాలామందికి చెప్పాను. నా ఫోన్‌లో ఏం ఉండాలో నేను నిర్ణయించుకున్నంత వరకే దాని మీద నాకు గౌరవం. ఇది కాంగ్రెస్ చేసినా ఇలాగే అంటాను.

సిమ్, డబ్బు

సిమ్‌కి నా దగ్గర సిద్ధాంతం లేదు. మీ గుమ్మంలో నిలబడి ఏది పలికితే అది. 2025 సెప్టెంబరు 27న ప్రధాని మన ఝార్సుగూడ నుంచే బీఎస్ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. మోహన, ఆర్.ఉదయగిరి కొండల వైపు బంధువులున్నవాళ్లు రెండో సిమ్‌గా అది పెట్టుకుని చూడండి. ఊరు మారినా నంబరు మార్చక్కర్లేదు, 2015 జూలై నుంచి వేరే రాష్ట్రానికి కూడా అదే నంబరు తీసుకెళ్లొచ్చు.

యూపీఐలో ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ ఏదైనా ఒకటే, డబ్బు యాప్‌లో ఉండదు, బ్యాంకులో ఉంటుంది. రెండు యాప్‌లు పెట్టుకోండి, ఒకటి మొరాయిస్తే రెండోది. నచ్చకపోతే వదిలేసి వేరేదానిలోకి క్షణంలో వెళ్లిపోవచ్చు. ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ అంతా ఇలా ఉంటే నేను ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

బ్యాంకు ఎంపికలో మాత్రం సరిహద్దువాళ్లకి ఒక మెలిక ఉంది. సుభద్ర పథకం కింద అర్హులైన ఒడిశా ఆడవాళ్లకి ఏటా 10,000 రూపాయలు రెండు విడతల్లో ఆధార్‌కి కలిపిన ఖాతాలో పడతాయి. ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు కలిపితే డబ్బు దానిలోకే పోతుంది. పాతపట్నంలో బంగారం లోను కోసం కొత్త ఖాతా తెరిచి, అక్కడ ఆధార్ కలిపేసి, ఇక్కడి ఖాతాలో సుభద్ర పడలేదని టెన్షన్ పడేవాళ్లున్నారు. పథకాలకి ఒకే ఖాతా ఉంచుకోండి, రెండోదానికి కేవైసీ మాత్రం ఇచ్చి, పథకాల డబ్బు ఇందులోకి వద్దని ఫారంలో రాయండి.

వార్తలు, పార్టీలు

2024 జూన్ 12న అటు చంద్రబాబు, ఇటు మోహన్ చరణ్ మాఝి ఒకే రోజు ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. ఇటు 24 ఏళ్ల నవీన్ పట్నాయక్ పాలన ముగిసింది. ఆ రోజు మా వీధిలో టీవీలన్నీ గన్నవరం చూపించాయి. ఓటు భువనేశ్వర్‌కి వేసి, చూసింది మాత్రం అమరావతి రాజకీయం.

తెలుగు చానెళ్లు మానేయమనను, మన భాష మనకి కావాలి. కానీ వాటిని చూస్తే జగన్ ఏమన్నాడో, పవన్ కల్యాణ్ ఏమన్నాడో తెలుస్తుంది, మన బ్లాక్ ఆఫీసులో ఇళ్ల జాబితా ఎప్పుడు అతికించారో తెలియదు. దానికి ఒడియా పత్రిక కావాలి. సమాజ, సంబాద్, ధరిత్రి, ఏదో ఒకటి. 1919లో గోపబంధు దాస్ మొదలుపెట్టిన సమాజ అన్నిటికంటే పాతది. జిల్లా పేజీ చాలు, మిగతాది వదిలేసినా ఫరవాలేదు. వాట్సాప్ గ్రూపులని వార్త కింద లెక్కేయకండి. ఆ గ్రూపుల్లో కొటియా గురించి వచ్చేదాన్ని అసలు నమ్మకండి. కొరాపుట్, మన్యం జిల్లాల మధ్య 21 ఊళ్ల తగవు అది, 1968లోనే సుప్రీంకోర్టుకి వెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ చేతిలో ఉన్న ఆ ఊళ్లవాళ్లకి రోడ్డూ, ఆస్పత్రీ ఎవరిస్తే వాళ్లే ప్రభుత్వం. బయటివాళ్లం రెచ్చిపోవడంలో అర్థం లేదు.

ఏ పార్టీ మంచిదంటారు అని అడిగేవాళ్లకి నేను చెప్పేది పంచాయతీ వరకే. ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు కిందటిసారి 2022 ఫిబ్రవరిలో జరిగాయి, అయిదేళ్ల లెక్కన 2027లో మళ్లీ. సర్పంచికి బీజేడీనా బీజేపీనా కాంగ్రెసా అన్నదాని కంటే, మీ వార్డులో తెలుగు తప్ప రాని ముసలమ్మ ఒడియాలో వచ్చిన నోటీసు తీసుకుని ఎవరింటికి వెళ్తోందో గమనించండి. నా ఓటు అతనికే.